నాలుగు అరచేతుల పట్టు

వీధిలోకి కొత్త కారు ఏది వచ్చినా మీరంతా చుట్టూ మూగి మొదట ఏమడుగుతారో నాకు తెలుసర్రా. "ఎంత స్పీడు పోతుందండీ?" ఆ వెంటనే, "ఎన్ని హార్స్‌పవరు?" అడగండి, తప్పేం లేదు. నాకూ వినాలనే ఉంటుంది. కానీ ఈసారి అలాంటి బండి కనబడితే బానెట్టు దగ్గరికి పోకుండా పక్కన గొంతుక్కూర్చుని, టైరు నేలకు ఆనిన చోటు ఒక్కసారి చూడండి. అంత పెద్ద కారు, అందులో అమ్మా నాన్నా మీరూ, డిక్కీలో సామానూ, ఇదంతా రోడ్డును పట్టుకుని ఉండేది ఆ నాలుగు చోట్లే.

ఒక్కో చోటు ఎంతుంటుందో లెక్క వేద్దాం, తేలికే. కారు బరువు 1,500 కిలోలు అనుకోండి. ఒక్కో చక్రం మీద సుమారు 375 కిలోలు పడుతుంది. టైర్లో గాలి 32 పీఎస్‌ఐ అంటాడు కదా పెట్రోలు బంకులో కుర్రాడు, అంటే చదరపు సెంటీమీటరు మీద రెండుంపావు కిలోల ఒత్తిడి. 375ని రెండుంపావుతో భాగించండి. 167 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. టైరు పక్కగోడలు కూడా కొంత బరువు మోస్తాయి కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుందిలెండి. ఏదెలా ఉన్నా, పెద్దవాళ్ళ అరచేయి వేళ్ళతో సహా పరిస్తే ఎంతో అంత. బ్రేకు తొక్కినా, స్టీరింగు తిప్పినా, యాక్సిలరేటరు నొక్కినా ఆ మాట చివరికి చేరాల్సింది ఈ నాలుగు అరచేతులకే. 2005లో బుగాటీ వేరాన్ అనే కారు వచ్చింది. దాంట్లో 1,001 హార్స్‌పవరు. వేడి చల్లార్చడానికే పది రేడియేటర్లు పెట్టారు. అన్ని గుర్రాలూ నాలుగు టైర్ల గుండానే రోడ్డు మీదకి దిగాలి, వేరే దారి లేదు.

టైరు పుట్టిన కథ నాకు చాలా ఇష్టం, చెప్పకుండా ముందుకు పోలేను. ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ ఊళ్ళో జాన్ బాయిడ్ డన్లప్ అని ఒక పశువుల డాక్టరు ఉండేవాడు. ఆయన కొడుక్కి మూడు చక్రాల సైకిలు ఉండేది. గట్టి రబ్బరు చక్రాలేమో, రాళ్ళ వీధుల్లో తొక్కుతుంటే పిల్లవాడి ఒళ్ళు హూనమయ్యేది. ఆ తండ్రి పల్చటి రబ్బరు గొట్టం చేసి, గాలి నింపి, పైన గుడ్డ చుట్టి చక్రానికి బిగించాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. నిజానికి రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు ఆయన 1845లోనే గాలి చక్రానికి పేటెంటు పొందాడు గానీ, అప్పటికి కార్లు లేవు, ఈనాటి సైకిళ్ళూ లేవు. ఎవరికీ పనికిరాక అది మరుగున పడిపోయింది. పశువుల డాక్టరు కొడుకు మీది మమకారంతో చేసిందే లోకానికి అందింది.

ఇప్పుడు పట్టు అంటే ఏమిటో చూద్దాం. వంటింట్లోంచి ఒక చెక్క పీట తెచ్చుకోండి. దాని మీద ఒక స్టీలు చెంచా, పక్కన పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ముక్క పెట్టండి. పీట ఒక కొస మెల్లగా ఎత్తుతూ పోండి. చెంచా ముందే జారిపోతుంది. రబ్బరు ముక్క మాత్రం ఇంకా ఇంకా ఎత్తేదాకా కదలదు. ఏదైనా వస్తువు 45 డిగ్రీల వాలు దాకా జారకుండా నిలబడిందంటే, దాన్ని కిందకి నొక్కే బలం ఎంతో పక్కకి పట్టుకునే బలమూ అంతే ఉందన్నమాట. మంచి టైరుకి పొడి తారురోడ్డు మీద పట్టు ఇంచుమించు అంతే ఉంటుంది. మీద 375 కిలోలు పడితే, ఆ 375 కిలోలంత బలంతోనే రోడ్డును పట్టుకుంటుంది. నేను ఈ లెక్క మొదటిసారి తెలుసుకున్నప్పుడు ఎంత సంతోషించానో! అక్కణ్ణించి బండి గురించిన సగం ప్రశ్నలకి కాగితం మీదే జవాబులు దొరుకుతాయి.

రబ్బరు రెండు రకాలుగా పట్టుకుంటుంది. తారులోని కంకర రాళ్ళ చిన్న చిన్న మొనల మధ్యకి మెత్తగా దిగి, ఆ మొనల్ని చుట్టి పట్టుకోవడం ఒకటి. రాతికి తగిలిన చోట అణువులు అణువులతో అతుక్కోవడం రెండోది. ఈ రెండూ బాగా జరగాలంటే రబ్బరు వెచ్చగా ఉండాలి. రేసు టైర్లు ఎంత వేడెక్కితే అంత మెత్తబడి జిగటగా తయారవుతాయి. మొదటి రౌండులో, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గొప్ప గొప్ప డ్రైవర్లు కూడా జారిపోవడం మీరు టీవీలో చూసే ఉంటారు. వేడి హద్దు దాటినా మంచిది కాదు, పట్టు తగ్గుతుంది, రబ్బరు ఉండలు ఉండలుగా ఊడి ట్రాక్ పక్కన పడుతుంది. రోడ్డు మీద మనం వేసుకునే టైరు ఇంకో రకం. అది ఎండలో, చలిలో, వానలో, గతుకుల్లో వేలాది కిలోమీటర్లు రావాలి. అందుకే కాస్త గట్టి రబ్బరుతో చేస్తారు, నీళ్ళు బయటికి పోవడానికి గాళ్ళు పెడతారు. గాళ్ళు అరిగిపోయిన టైరు వానలో నీటి పొర మీదకి ఎక్కేస్తుంది. అప్పుడు రోడ్డుకీ రబ్బరుకీ మధ్య నీళ్ళే. స్టీరింగు చేతిలో తేలికైపోతుంది, ఎటు తిప్పినా బండి నేరుగానే పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, దగ్గరికి జరగండర్రా. టైరుకున్న పట్టు ఇంటికొచ్చే నెల జీతం వంటిది. వచ్చేది ఒక్కటే, ఖర్చులు మూడు: బ్రేకు, స్టీరింగు, యాక్సిలరేటరు. జీతం మొత్తం బ్రేకుకే ఖర్చు పెట్టేశారా, మలుపు తిరగడానికి రూపాయి మిగలదు. మలుపులో మొత్తం ఖర్చు చేసి, అక్కడే ఏ గేదో అడ్డం వచ్చిందని బ్రేకు తొక్కారా, అప్పు పుట్టదు, బండి జారుతుంది. అయితే ఈ జీతానికి ఇంట్లోని జీతానికి లేని ఒక గొప్ప గుణం ఉంది. వందలో ఎనభై బ్రేకుకి పెడితే మలుపుకి ఇరవయ్యే మిగలాలి కదా? మిగిలేది అరవై! ఎలాగంటారా? బ్రేకు బలం వెనక్కి లాగుతుంది, మలుపు బలం పక్కకి లాగుతుంది. రెండింటి మధ్యా లంబకోణం. మీ లెక్కల పుస్తకంలో పైథాగరస్ సూత్రం ఉందిగా, కర్ణం మీది వర్గం అంటూ? ఎనభై వర్గం 6,400, అరవై వర్గం 3,600, కలిపితే 10,000, అంటే వంద వర్గం. ఇంజనీర్లు దీన్నే వృత్తంగా గీసి ఫ్రిక్షన్ సర్కిల్ అంటారు. ఆ వృత్తం గీత మీద ఎక్కడ నిలబడ్డా టైరు తన శక్తినంతా ఇస్తున్నట్టే. గీత దాటితే జారుడే.

రేసు డ్రైవరు చేసే పనంతా ఆ గీత మీద నడవడమే. మలుపు దగ్గరికి రాగానే వందా బ్రేకుకి పెడతాడు. స్టీరింగు తిప్పడం మొదలెట్టిన క్షణం నుంచి బ్రేకు మీది పాదాన్ని కొద్ది కొద్దిగా తేలిక చేస్తూ, ఆ మిగిలిందాన్ని మలుపుకి మళ్ళిస్తాడు. మలుపు నడుమకి వచ్చేసరికి మొత్తం మలుపుకే. బయటికి వస్తూ స్టీరింగు సడలిస్తూ యాక్సిలరేటరుకి మళ్ళిస్తాడు. బయట నుంచి చూస్తే ఏమీ చేస్తున్నట్టే ఉండదు, అంత నెమ్మదిగా, నునుపుగా ఉంటాయి ఆ చేతులు. టైర్లు కీచుమని అరవడం, పొగ రావడం చూసి ఆహా అనుకుంటాం. గడియారం దగ్గర కూర్చున్నవాడికి ఆ అరుపు దుబారాగా వినిపిస్తుంది.

బ్రేకు గట్టిగా తొక్కి చక్రం పూర్తిగా బిగుసుకుపోతే జీతమంతా బ్రేకుకే పోయినట్టు, స్టీరింగు తిప్పినా లాభం ఉండదు. ఏబీఎస్ అనే ఏర్పాటు పుట్టింది అందుకే. బాష్ కంపెనీ తయారుచేస్తే 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కారులో మొదట పెట్టారు. చక్రం బిగుసుకోబోతున్నట్టు పసిగట్టి, సెకనులో ఎన్నోసార్లు బ్రేకు వదిలి పట్టుకుంటుంది. ఆ వదిలిన కాస్తలో మనకి మలుపు తిప్పుకునే వీలు దొరుకుతుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. నాన్న కారులో గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంటుందే, అది చెడిపోయినట్టు కాదు, ప్రాణం నిలబెట్టే చప్పుడు. పాదం తియ్యకుండా ఇంకా నొక్కాలి.

బస్సులో నిలబడి వెళుతుంటే డ్రైవరు బ్రేకు వేసినప్పుడు అందరం ముందుకి తూలుతాం కదా? కారు కూడా అలాగే ముందుకి ఒరుగుతుంది. ముందు టైర్ల మీద బరువు పెరుగుతుంది, వెనక టైర్లు తేలికవుతాయి. బరువు పెరిగిన టైరుకి పట్టు పెరుగుతుంది, తగ్గినదానికి తగ్గుతుంది. అందుకే చాలా కార్లకి ముందు బ్రేకులు పెద్దవిగా ఉంటాయి. ఇప్పుడు ఒకడు మలుపులో వేగంగా పోతూ భయపడి ఠక్కున యాక్సిలరేటరు వదిలేశాడనుకోండి. బరువు ముందుకి దూకుతుంది, వెనక చక్రాలకి పట్టు చాలక తోక పక్కకి విసురుతుంది. పోర్షే 911 అని ఒక కారుంది, 1960ల నుంచి ఇప్పటికీ ఇంజిను వెనక చక్రాల వెనకాలే పెడతారు. పాత 911లు ఈ తోక విసరడానికి పేరుమోశాయి. తెలిసినవాడికి అదే ఇంజిను బరువు మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు వరం, ఎందుకంటే తోసే చక్రాల మీదే బరువు ఉంటుంది. ఒకే గుణం, తొక్కే పాదాన్ని బట్టి వరమో శాపమో అవుతుంది. ఆ కారంటే నాకు గౌరవం. దాన్ని మార్చెయ్యకుండా ఇన్నేళ్ళుగా దిద్దుకుంటూ వచ్చిన ఇంజనీర్లంటే మరీ గౌరవం.

వేగం సంగతి చెబుతాను. 1,500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్లతో పోతుంటే దానిలో ఉన్న శక్తి సుమారు 5 లక్షల 80 వేల జౌళ్ళు. జౌలంటే మీకు మనసుకి పట్టదు కాబట్టి పొయ్యి భాషలో చెబుతా. బిందెలోని రెండు లీటర్ల నీళ్ళు గిన్నెలో పోసి తెర్లబెట్టడానికి అంత వేడి కావాలి. అంటే వందలో పోతున్న కారుని ఒక్కసారి ఆపితే, రెండు లీటర్ల నీళ్ళు మరిగించేంత వేడి ఆ కాసిని సెకన్లలో బ్రేకు డిస్కుల్లోకి పోతుందన్నమాట! వేగం 200 అయితే? రెట్టింపు కాదర్రా, నాలుగు రెట్లు. ఎనిమిది లీటర్లు. శక్తి వేగం వర్గం చొప్పున పెరుగుతుంది మరి. రేసు ట్రాక్ మీద ఇదే పని ప్రతి మలుపు దగ్గరా, ప్రతి రౌండులో. అందుకే రేసు కారు డిస్కులు ఎర్రగా కాలడం కనిపిస్తుంది. ఫార్ములా వన్‌లో ఇనప డిస్కులు పనికిరాక కార్బన్‌తో చేస్తారు.

మామూలు కారుని ట్రాక్ మీదకి తీసుకెళితే ముందుగా చేతులెత్తేసేది ఇంజిను కాదు, బ్రేకు. బ్రేకు గొట్టాల్లో ఒక ద్రవం ఉంటుంది. డాట్ 4 రకానిదైతే కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకి తక్కువ కాకుండా తట్టుకోవాలి. కానీ అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ పట్టాక 155 డిగ్రీల దాకా తట్టుకుంటే చాలునని ప్రమాణం. ఆ పైన మరిగి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే నొక్కుడు ముందుకి పోతుంది గానీ బుడగని నొక్కితే అది చితుకుతుందంతే. పెడల్ మెత్తగా కిందకి దిగిపోతుంది, బండి ఆగదు. ట్రాక్ మీదకి వెళ్ళే కుర్రాళ్ళు సైలెన్సర్లకీ స్టిక్కర్లకీ పెట్టే డబ్బులో కొంచెం కొత్త బ్రేకు ద్రవానికీ మంచి బ్రేకు ప్యాడ్లకీ పెడితే నాకు సంతోషం.

ట్రాక్ దాకా ఎందుకు, మన తిరుమల ఘాటు చాలదూ. దిగేటప్పుడు బ్రేకు మీదే పాదం పెట్టి కూర్చుంటే కొండ ఎత్తులోని శక్తంతా డిస్కుల్లోకే చేరుతుంది. అందుకే పాత లారీ డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగాలంటారు. ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకుకి ఊపిరాడుతుంది. తిరుమలలో ఇంకో చక్కని ఏర్పాటు ఉంది. పైన బయల్దేరిన సమయం రాసుకుని, నిర్ణయించిన సమయం కన్నా ముందు కిందకి దిగితే జరిమానా వేస్తారు. రేసు ట్రాక్‌లో ఆలస్యమైతే ఓటమి, కొండ మీద తొందరైతే జరిమానా! లోకంలో గడియారం ఇలా కూడా పనిచేస్తుందని ఆ ఏర్పాటు చేసినవారికి నేను నమస్కారం పెడతాను. వెనక సీట్లో నిద్రపోతున్న పసిపాప కదలకుండా ఆ మలుపులన్నీ దిగివచ్చే డ్రైవరుని చూశారా? అతనికి తెలియకుండానే ఫ్రిక్షన్ సర్కిల్ అతని పాదాల్లో ఉంటుంది.

సరే, ఎటువంటి కారు మంచిదంటారా? నా మటుకు నేను తేలికైన కారుకే ఓటు వేస్తాను. బరువు పెరిగితే పట్టు కూడా పెరుగుతుంది కదా అని మీరు అడగొచ్చు. పెరుగుతుంది, కానీ బరువు పెరిగినంతగా పెరగదు. రబ్బరుకి అదొక గుణం, రెట్టింపు బరువు వేస్తే రెట్టింపుకి కాస్త తక్కువే పట్టు ఇస్తుంది. తేలిక కారు సాధారణంగా మలుపులో ముందుంటుంది, బ్రేకులు తక్కువ కాలుతాయి, టైర్లు తక్కువ అరుగుతాయి. లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ జీవితమంతా బరువు తగ్గించడం మీదే పెట్టాడు. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ 118 హార్స్‌పవరుతో, మన మారుతి 800 కన్నా కాస్త ఎక్కువ బరువుతో, తన కన్నా ఎంతో బలమున్న కార్లను మలుపుల్లో వదిలించుకునేది. 1989లో జపాన్ వాళ్ళు చేసిన మజ్దా మియాటా కూడా అదే కోవది. పెద్ద బలం లేదు, టన్ను బరువు, నడిపినవాడి మొహం మీద నవ్వు.

మారుతి 800 అన్నాను కాబట్టి మన దక్షిణాది కథ ఒకటి చెప్పాలి. మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉండేది. యుద్ధం అయిపోయాక అక్కడ మోటారు రేసులు జరిగేవి. ఆ తర్వాత 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో అసలైన ట్రాక్ కట్టారు. కోయంబత్తూరులో కరివర్ధన్ అనే ఆయన ఉండేవారు. ఇక్కడి పిల్లలకి రేసు కారు కొనే స్తోమత లేదని, మారుతి 800 ఇంజిను పెట్టి ఒంటిసీటు రేసు కార్లు తయారుచేశారు. ఫార్ములా మారుతి అన్నారు వాటిని. మూడు సిలిండర్లు, 796 సీసీ. మన ఊళ్ళో కూరగాయల సంచులు మోసిన ఇంజిను! తక్కువ బలమున్న కారులో వేగం ఒకసారి పోగొట్టుకుంటే మళ్ళీ తెచ్చుకోవడం కష్టం. కాబట్టి మలుపులో పట్టుని చివరి రూపాయి దాకా పొదుపుగా వాడుకోవడం నేర్చుకోక తప్పదు. ఆ బళ్ళలోనే అక్షరాలు దిద్దుకున్న నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ ఆ రోజు చూడలేదు, 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని. ఈ కథ చెప్పేటప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ట్రాక్ మీద మలుపు ఎలా తిరుగుతారో ఇప్పుడు మీకు సులువుగా తెలుస్తుంది. పట్టు ఇంతే అని తెలిసింది కాబట్టి మలుపులో ఎంత వేగం పోవచ్చో లెక్క కట్టొచ్చు. మలుపు వ్యాసార్ధం 20 మీటర్లయితే గంటకు 50 కిలోమీటర్లు. 80 మీటర్లయితే 100. మలుపు ఎంత విశాలమైతే అంత వేగం. రోడ్డు వంపు మనం మార్చలేం, కానీ ఆ రోడ్డు వెడల్పులో మనం గీసే దారి మార్చగలం. అందుకే రేసు కారు బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటి అంచుకి పోతుంది. నేలకి ముగ్గు పెట్టినట్టు ఆ దారి మీద రబ్బరు నల్లగా పరుచుకుంటుంది, పొడిగా ఉన్నప్పుడు దాని మీదే ఎక్కువ పట్టు. వాన పడిందా, అంతా తిరగబడుతుంది. ఆ నల్లటి దారే నునుపుగా జారుతుంది, పక్కన గరుకు నేల మీద పట్టు ఉంటుంది. 1993లో ఇంగ్లండులోని డోనింగ్టన్‌లో వాన. బ్రెజిల్ డ్రైవరు అయర్టన్ సెన్నా మొదట్లోనే అయిదో స్థానానికి జారాడు. మొదటి రౌండు ముగిసేసరికి అందరికన్నా ముందున్నాడు! తన కన్నా మంచి కార్లని కూడా ఆ తడినేల మీద దాటేశాడు. ఆ రౌండు వీడియో దొరికితే చూడండర్రా, పాఠం కన్నా ఎక్కువ.

జర్మనీలో ఐఫెల్ కొండల్లో నూర్బుర్గ్‌రింగ్ అని ఒక ట్రాక్ ఉంది. 1927లో తెరిచారు. పాత దారి, నార్డ్‌ష్లైఫె అంటారు, 20.8 కిలోమీటర్ల పొడవు. డెబ్బైకి పైగా మలుపులు, కిందకీ పైకీ దాదాపు 300 మీటర్ల తేడా. 1976లో డ్రైవరు నికీ లౌడా అక్కడ మంటల్లో చిక్కుకున్నాక ఫార్ములా వన్ మళ్ళీ ఆ పాత దారికి పోలేదు. కానీ కొన్ని రోజుల్లో దాన్ని టోల్ రోడ్డులా జనానికి తెరుస్తారు. టికెట్టు కొనుక్కుని ఎవరి కారుతో వాళ్ళు వెళ్ళొచ్చు. 2024 దాకా మోటారు సైకిళ్ళూ వచ్చేవి. అయితే అది అప్పుడు రేసు కాదు, ఒకవైపు దారి ఉన్న రోడ్డు. జర్మనీ రోడ్డు నిబంధనలే వర్తిస్తాయి, కుడివైపు నుంచి దాటకూడదు, గడియారం పెట్టి సమయం కొలవకూడదు. మన దగ్గరా ఇరుంగట్టుకోట్టైలో, నోయిడా దగ్గర బుద్ధ్ ట్రాక్‌లో రుసుము కట్టి సొంత బండి తిప్పుకునే ట్రాక్ డేలు జరుగుతుంటాయి. అంత వేగం సరదా ఉన్నవాళ్ళకి అదే చోటు. హెల్మెట్ ఉంటుంది, జెండాలు ఊపేవాళ్ళుంటారు, జారితే ఆగడానికి కంకర మడులుంటాయి, అంబులెన్సు పక్కనే ఉంటుంది. అందరూ ఒకే వైపు పోతారు.

రోడ్డు మీద ఎందుకొద్దంటానో మీరే లెక్క కట్టండి. వందలో పోతుంటే ఎదురుగా ఏదో వచ్చిందని మెదడు గ్రహించి పాదం బ్రేకు మీదకి చేరేసరికి ఒక సెకను. ఆ సెకనులో 28 మీటర్లు పోయాం. ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 39 మీటర్లు. మొత్తం 67. వానలో పట్టు సగమైతే వంద మీటర్లు దాటిపోతుంది. యాభైలో పోతుంటే పొడి రోడ్డు మీద అంతా కలిపి 24 మీటర్లే. ట్రాక్ మీద పట్టు ఎంతుందో రౌండు రౌండుకీ డ్రైవరుకి తెలుస్తూ ఉంటుంది. మన రోడ్డు మీద మలుపు అవతల ఏముందో ఎవరికి తెలుసు? కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, మొక్కజొన్నలు పోస్తారు. వాటి మీద టైరు పడితే గింజలే దొర్లుతాయి, రబ్బరు రోడ్డునే తాకదు. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు వదిలిన బురద, మలుపులో జారిన ఇసుక, లారీలోంచి కారిన డీజిలు, ఇవన్నీ ఏ స్పీడోమీటరులోనూ కనపడవు. నెల మధ్యలో చెప్పకుండా జీతం కోసేసినట్టే. బజారులో పందెం పెట్టడం నేరమని మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను చెబుతోంది. సెక్షను లేకపోయినా, అటుగా స్కూలుకి నడిచిపోయే మీరున్నారు కదర్రా, నాకు అది చాలు. బలమైన కారుని రోడ్డు మీద నడపడంలో ఆనందం లేదనను. మెత్తగా గేరు మార్చడంలో, మలుపుకి ముందే వేగం దించుకుని మలుపంతా ఒకే స్టీరింగు కోణంలో పోనివ్వడంలో చాలా ఆనందం ఉంది. అది నలభైలోనూ దొరుకుతుంది.

రోడ్డే ట్రాక్ అయిన రోజు కూడా ఒకటి మన దగ్గర ఉంది, తెలుసా? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. మన దేశంలో అదే మొదటి ఫార్ములా ఈ. సచివాలయం పక్క నుంచి, నెక్లెస్ రోడ్డు మీదుగా 2.8 కిలోమీటర్ల చుట్టు. రోజూ మనం స్కూటర్ల మీద తిరిగే రోడ్లకి రెండు పక్కలా కాంక్రీటు గోడలు పేర్చి, పైన ఇనప జాలీలు కట్టి, ఊరి ట్రాఫిక్కునంతా మళ్ళించాక గానీ కార్లు వదల్లేదు. ఫ్రాన్సు డ్రైవరు ఝాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. అవి పూర్తిగా కరెంటు కార్లు. వాటి టైర్లకి గాళ్ళుంటాయి, వానొచ్చినా ఎండొచ్చినా అవే.

ఆ కార్లలో నన్ను ముగ్ధుణ్ణి చేసింది మాత్రం వేరే. వెనక చక్రాల వేగం తగ్గించేది మామూలు డిస్కు బ్రేకులు కావు! బ్రేకు తొక్కగానే మోటారు తిరగబడి జనరేటరవుతుంది, చక్రాన్ని వెనక్కి పట్టి, ఆ శక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. ముందు చక్రాల దగ్గరా ఒక మోటారు ఇదే పనికి ఉండేది. ఇందాక గిన్నెడు నీళ్ళు మరిగించి గాలిలో కలిసిపోయిన వేడి గుర్తుందా? అందులో చాలా భాగం ఇక్కడ మళ్ళీ చేతికొస్తుంది. రేసులో ఖర్చయ్యే శక్తిలో సుమారు 40 శాతం ఇలా బ్రేకుల్లో రాబట్టిందేనని నిర్వాహకులు చెబుతారు. అంటే ఎక్కడ బ్రేకు తొక్కాలి, ఎంత తొక్కాలి అన్నదే గెలుపోటములు తేల్చేస్తుంది. ఇది రేసు కార్లకే పరిమితం కాదు, ఇప్పుడు మన వీధుల్లో తిరిగే కరెంటు కార్లలోనూ ఉంది. ఈసారి మీ అత్తయ్య వాళ్ళ కరెంటు కారులో కూర్చున్నప్పుడు ముందు తెర మీద కన్నేసి ఉంచండి. ఫ్లైఓవరు దిగుతూ మామయ్య యాక్సిలరేటరు మీంచి పాదం తీసినప్పుడు గీత చార్జింగు వైపుకి వెళుతుంది. ఎంత వాలులో ఎంత వెళుతుందో కాగితం మీద రాసుకు రండి, లెక్క ఇక్కడ కూర్చుని కడదాం.